నిండుకున్న స్నాతకోత్సవం

ఫిబ్రవరి 9

ఈ పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నది. ప్రతి పేజీలోనూ ఛాతీ, నడుము, చేతి పొడవు అని గళ్లు గీసి ఉన్నాయి. కళ్లజోడు మందం పెరిగిన కొద్దీ కుట్టుపని తగ్గింది కాబట్టి గళ్లన్నీ ఖాళీగా పడి ఉన్నాయి. (ఖాళీ అనే మాట అత్తగారి చెవిన పడదు కనుక ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.)

విషయం ఏమిటంటే, మా ఆవిడ విశ్వవిద్యాలయాన్ని ఎత్తేస్తున్నారు.

ఉత్తర్వు ఈ ఉదయం వచ్చింది. ఆవిడ వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి చదివింది. ముఖంలో ఏమీ కనిపించదు. నలభై ఏళ్లుగా రాళ్లను చదివి చదివి ముఖం కూడా అలాగే తయారైంది. భూగర్భశాస్త్రం మరి. పిల్లలు చాటుగా 'బండమ్మ' అంటారు. ఆవిడకు తెలుసు. తనకు తెలుసని వాళ్లకూ తెలుసు.

ఉత్తర్వులో ఉన్నది ఇంతే: ఈ ఏటి స్నాతకోత్సవం ముగిసినట్లు ఉపకులపతి ప్రకటించిన క్షణం నుంచి విశ్వవిద్యాలయం రద్దు. మే నెలాఖరులోగా ఆ ప్రకటన రాకపోతే ఉత్తర్వే చెల్లదు, మళ్లీ పైన సభలో మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి.

"పాపం, మర్యాదగానే రాశారండీ. పిల్లలకు పట్టాలిచ్చుకునే దాకా ఆగుతున్నారు," అంది.

"మెడ కోసే ముందు గడ్డం గీసినట్టు," అన్నాను.

నవ్వలేదు. ఆవిడ ఉపకులపతి, నేను ఆ ఉపకులపతికి పతిని. ఈ హాస్యోక్తిని ఆవిడ ఆ కుర్చీలో కూర్చున్న రోజున వేశాను. అప్పుడూ నవ్వలేదు. ఎప్పటికైనా నవ్వకపోతుందా అని అప్పటి నుంచి వేస్తూనే ఉన్నాను. ఆవిడ పదవీకాలం కూడా మే నెలాఖరుతోనే ఆఖరు. ఇద్దరినీ ఒకే పాడె మీద పంపుతున్నారన్నమాట, ఆవిడనూ దాన్నీ.

ఫిబ్రవరి 10

పొద్దున పంచదార డబ్బా గరిటెతో గీకుతూ "అయిపోయింది" అన్నాను. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు.

"అల్లుడుగారూ! ఏమన్నారూ?"

"నిండుకుంది అత్తయ్యా, నిండుకుంది."

"అదీ."

అత్తగారికి తొంభై దాటాయి. చెవులు మూడు వంతులు పనిచేయవు. పనిచేసే ఆ ఒక్క వంతూ ఇలాంటి మాటల కోసమే దాచుకుంది. ఈ ఇంట్లో ఏదీ అయిపోదు, నిండుకుంటుంది. ఎవరూ వెళ్లరు, వెళ్లొస్తారు. దీపం ఆరదు, కొండెక్కుతుంది. దుకాణం మూయను, కట్టేస్తాను. మా ఆవిడ ఈ నిఘంటువులోనే పుట్టి పెరిగింది. నేను అల్లుడిగా వచ్చి నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 21

రిజిస్ట్రార్ వచ్చాడు. అతనికి నేను పెట్టిన పేరు కామా. రాసినా మాట్లాడినా రెండు మాటలకు ఒకసారి ఆగుతాడు, ముందు గోతులేమైనా ఉన్నాయేమో అన్నట్టు. మంచివాడు. భయస్థుడు. ఈ రెండూ కలిసిన మనుషులతోనే లోకంలో ఆఫీసులన్నీ నడుస్తున్నాయని నా అనుమానం.

"మేడమ్, ఒక మాట, చెప్పొచ్చా? స్నాతకోత్సవం, జూన్‌లో, పెట్టుకుంటే? ఎండలనీ, హాలు బాగాలేదనీ, ఏదో ఒకటి, రాద్దాం. ఉత్తర్వు, దానంతటదే..."

"జూన్‌లో పెడితే పిల్లల ఉద్యోగాల గడువు దాటిపోతుంది. తెలుసా?"

"తెలుసు, మేడమ్."

"వాళ్ల పట్టాలు తొక్కిపట్టి నా గేటు కాపాడుకోమంటారా?"

కామా చేతిలోని చల్లారిన కాఫీకేసి చూశాడు. "అందరూ, అదే, అనుకుంటున్నారు," అన్నాడు.

"అనుకోనివ్వండి. తేదీ వాళ్లు ఇచ్చిందే ఉంచండి. మే ఇరవై తొమ్మిది. అన్ని మాటలూ పద్ధతి ప్రకారం నేనే చెప్తాను."

ఈవిడతో వచ్చిన చిక్కే ఇది. పద్ధతి. అబద్ధం ఆడదు, ఆడబోయినా రాదు. పూర్వం ఒక అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాం. ఇంటాయన చూడలేదు, క్యాలెండర్ అడ్డం ఉంది. ఈవిడే పిలిచి, క్యాలెండర్ ఎత్తి చూపించింది. అలాంటి మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఏమవుతుంది?

ఏమయిందో నాకు తెలుసు. ఆ కుర్చీ అందరూ వద్దన్నప్పుడే ఈవిడకు దక్కింది. అప్పటికే విద్యార్థులు సగానికి పడిపోయారు, గ్రంథాలయానికి తాళం, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. మునిగే పడవకు సరంగు ఉద్యోగం అన్నాను. "మునిగేవరకు నడపాలిగా," అంది. మొదటి వారంలోనే గ్రంథాలయం తాళం పగలగొట్టించింది. తాళంచెవి పోగొట్టినవాడిమీద కోప్పడను కూడా లేదు. "కొత్త తాళం కొనొద్దు," అంది, అంతే. పరిపాలనా భవనం గోడ బీటలు వారితే, మరమ్మతుకు మనిషి వచ్చేలోపు తరగతిని అక్కడికే పిలిచి, ఆ పగులు చూపించి భూకంపాల పాఠం చెప్పింది. మరమ్మతు మనిషి కూడా నిలబడి విన్నాడట. విని, సున్నం కలపడం మరచిపోయాడట.

మార్చి 17

అబ్బ, ఈ రోజు!

నిరుటి వానలకు నానిన సైన్సు భవనం పైకప్పు నుంచి రాత్రి పెచ్చులు రాలాయట. ఇంజనీరు వచ్చి తలుపులకు అడ్డకర్రలు కొట్టి వెళ్లాడు. నేను దుకాణంలో రొట్టెల దుకాణం ఆయన సూటు గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర చేతిలోకి తీసుకున్నానో లేదో, గుమ్మంలో మా ఆవిడ. వెనకాల తరగతి మొత్తం.

"ఏమండీ, బల్ల కావాలి."

"దానిమీద మనిషి సూటు ఉందే!"

"మరీ మంచిది."

ఆ గుడ్డ రెండు అంచులూ పట్టుకుని నెమ్మదిగా లోపలికి తోసింది. గుడ్డ మధ్యలో లేచి ముడుతలు పడింది. "ఇదీ పర్వతం పుట్టడమంటే. రెండు పక్కలా ఒత్తిడి. పారిపోవడానికి చోటు లేదు. అప్పుడు పైకి లేస్తుంది." పిల్లలు బల్ల చుట్టూ ఒకరి భుజాల మీద ఒకరు. ఒకమ్మాయి నా కుట్టు మిషన్ మీద కూర్చుంది. నా మిషన్ మీద!

అంతలో సూటు స్వంతదారు వచ్చాడు. లావుపాటి మనిషి, కనుబొమ్మల నిండా పిండి.

"బాబాయ్, నా కోటు మీద కొండలేమిటి?"

"కదలకండి, కొండలు కూలతాయి," అంది ఆవిడ తలెత్తకుండా.

ఆయన కదల్లేదు. పాఠం ఆఖరుదాకా నిలబడి, "మా దుకాణంలో పొయ్యి పక్కన పెద్ద గది ఉందమ్మా. మధ్యాహ్నాలు పనిలేదు," అన్నాడు.

ఇక చూసుకో! సాయంత్రానికి మంగలి తన గిర్రున తిరిగే కుర్చీలు ఇస్తానన్నాడు. సినిమా హాలు మేనేజరు పొద్దుటి ఆటకు ముందు హాలు తీసుకోమన్నాడు. రసాయనశాస్త్రం రొట్టెల గదిలో, న్యాయశాస్త్రం మంగలి కుర్చీల్లో. వీధి వీధంతా చదువుతోంది. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన పెద్దాయన, సగం నురగతో, సాక్ష్యాల గురించి వాదిస్తుండగా నా కళ్లారా చూశాను.

నా చదువు సంగతి ఇక్కడ రాసుకోవాలి. నేను బడికి వెళ్లింది బడిపిల్లల నిక్కర్లు కొలవడానికే. చదివిందంతా గుడ్డ తానులకు చుట్టి వచ్చిన కాగితాల మీద. అందుచేత నాకు తెలిసిన ఏ విషయానికీ మొదలూ తెలియదు, చివరా తెలియదు, నడుమే తెలుసు. దర్జీవాడికి తగిన చదువే. ఈవిడ మొదటిసారి నా దుకాణానికి వచ్చింది రాళ్ల సంచీ కుట్టించుకోవడానికి. ఆ సంచీ చిరిగింది, మళ్లీ వచ్చింది. మళ్లీ చిరిగింది. రాళ్లు అంత బరువు మరి. నా కుట్టులో లోపం లేదు. ఇప్పటికీ లేదంటాను.

ఏప్రిల్ 6

ఆగిపోయినవాళ్లు తిరిగొస్తున్నారు! మధ్యలో చదువు మానేసి పనుల్లో పడ్డవాళ్లు, పెళ్లిళ్లయి వెళ్లినవాళ్లు, ఒక్క పరీక్ష తప్పి సిగ్గుతో ముఖం చాటేసినవాళ్లు. ఇదే ఆఖరి అవకాశమని తెలిసి వస్తున్నారు. చంకలో పిల్లాడితో ఒకామె, నెరిసిన తలతో ఒకాయన. మా ఆవిడ ఎవరినీ కాదనడం లేదు. "ఎక్కడ ఆపావు? అక్కడే కూర్చో," అంటోంది.

పాత గౌన్లకు చిమ్మటలు పట్టాయి. కొత్తవి కుట్టాలి, టోపీలతో సహా. నేను, మిషన్, నల్లగుడ్డ. వేళ్లు నొప్పి. హాయిగా ఉంది.

మే 12

ఆవిడ అద్దం ముందు నిలబడి ఆ వాక్యం సాధన చేస్తోంది. నేను పక్క గదిలో కాజాలు కుడుతూ విన్నాను.

"ఈ స్నాతకోత్సవం ఇంతటితో ముగి..."

ఆగింది. గొంతు సవరించుకుంది.

"ఇంతటితో ము..."

లోపలి నుంచి అత్తగారు: "ఏమిటే ముగిసేదీ? సంధ్యవేళ ఆ మాటలేమిటే?"

"పెళ్లి లాంటిదమ్మా. ఆఖర్న చెప్పాలి."

"పెళ్లి ముగిసిందంటారుటే ఎవరైనా? అక్షింతలు పడ్డాయంటారు, భోజనాలు లేచాయంటారు!"

"అమ్మా, ఇది చట్టం."

"చట్టానికి అమ్మ లేదుటే?"

మా ఆవిడ అద్దంలోంచి నాకేసి చూసింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"చెప్పగలవా?" అని అడిగాను తర్వాత.

"చెప్పాలి కదండీ," అంది.

అడగనిదానికి జవాబిచ్చింది.

మే 28

రేపే. ఇస్త్రీపెట్టె వేడెక్కడం లేదు, నేను వేడెక్కుతున్నాను.

మే 29

ఎక్కడ మొదలుపెట్టను? మొదటి నుంచే. జీవితంలో ఒక్కసారైనా మొదటి నుంచి చెబుతాను.

హాలు కిటకిట. కిటికీల్లో మనుషులు. ముందు వరుసలో కమిషనర్, పైనుంచి ఈ పనిమీదే వచ్చిన అధికారి. చిన్న వయసు, అలసిన ముఖం, కోటు భుజం దగ్గర సరిగా కూర్చోలేదు (ఎవరు కుట్టారో గాని). ఆయన పక్కన కామా, చేతిలో కాగితం, కాగితం మీద ఆ వాక్యం. మూడో వరుసలో నేనూ అత్తగారూ. రావొద్దన్నా వచ్చింది. "అమ్మాయి పెద్దపని చేస్తుంటే ఇంట్లో కూర్చోనా?" అంది. పని ఏమిటో ఎవరూ చెప్పలేదు అత్తగారికి.

పేర్లు పిలుస్తున్నారు. పట్టాలు ఒక పెద్ద పళ్లెంలో. మా ఆవిడ ఒక్కొక్కటీ తీసి, రెండు చేతులతో ఇచ్చి, ప్రతివాళ్లతోనూ ఏదో ఒక మాట. చంకలో పిల్లాడున్నామెకు పట్టా ఇస్తుంటే పిల్లాడు లాక్కుని అంచు కొరికాడు. హాలంతా నవ్వు. "జీర్ణం చేసుకోనివ్వండి," అంది మా ఆవిడ మైకులో. చప్పట్లు! నెరిసిన తలాయన పట్టా తీసుకుని మెట్లు దిగలేక అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నేను కుట్టిన గౌను చేతితోనే ముక్కు తుడుచుకున్నాడు. క్షమించాను.

ఆఖరి పట్టా కూడా ఇచ్చేసింది. కామా లేచి కాగితం అందించాడు. అందుకుంది. ఆ వాక్యం చెప్పిన మరుక్షణం తలుపులకు తాళాలు, బోర్డు కిందికి, అంతా సరి.

ఆవిడ మైకు ముందు నిలబడింది. ఎదురుగా బల్ల మీద పళ్లెం. అడుగు కనిపిస్తోంది. ఆవిడ కళ్లు కాగితం మీద నుంచి జారి ఆ పళ్లెం మీద పడ్డాయి.

"ఈ స్నాతకోత్సవం ఇంతటితో..." అంది. "...నిండుకున్నట్లు ప్రకటిస్తున్నాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కామా సగం లేచి, "మేడమ్, ముగిసినట్లు, మేడమ్," అని గుసగుసగా. ఆ గుసగుస కూడా మైకులో పడింది.

ఆవిడ అతనికేసి చూసింది. కాగితంకేసి చూసింది. గౌన్లు వేసుకుని నిలబడ్డ ఆ పిల్లలకేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఖాళీ పళ్లెంలో వేసి, వేదిక దిగి, నడుమ దారిలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. ఉపకులపతి వెళ్తుంటే ఎవరూ కూర్చుని ఉండకూడదు కదా, హాలంతా లేచింది. కేకలు, టోపీలు గాల్లోకి, బాజాలు! నా టోపీలు! ఒక్కదానికీ కుట్టు ఊడలేదు.

అత్తగారు నా మోచేయి పట్టుకుంది. "అమ్మాయి బాగా మాట్లాడింది," అంది. "ఆఖరి మాట ఒక్కటే వినపడింది నాకు."

మే 30

నోరు జారింది, అంతే. ఖాళీ పళ్లెం చూస్తే మా ఇంట్లో వచ్చే మాట అదొక్కటే.

పొద్దున్నుంచి ఫోను మోగుతూనే ఉంది. కామా నిఘంటువు చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కామాలన్నీ దారిలో రాలిపోయాయి పాపం, ఊపిరాడకుండా మాట్లాడాడు: "బాబాయ్ నిండుకొను అంటే ఒక అర్థం ఖాళీ అగు ఇంకో అర్థం నిండు రెండూ ఉన్నాయి పైనుంచి న్యాయవాదులు అడుగుతున్నారు ముగిసినట్టా కాదా అని కమిషనర్ రాత్రంతా నిద్రపోలేదట!"

"నువ్వేమన్నావు?"

"నేను, ఏమీ, అనలేదు." కామాలు తిరిగొచ్చాయి. కొంచెం ఆగి నెమ్మదిగా, "కానీ, ఏమీ అనకపోవడం, ఇంత బాగుంటుందని, నాకు తెలీదు," అన్నాడు. మా కామా!

వీధిలో అందరూ ఆ మాటే. రొట్టెల దుకాణం ఆయన మధ్యాహ్నం రొట్టెలు అమ్ముడైపోగానే "నిండుకున్నాయి!" అని అరుస్తున్నాడు. మంగలి కుర్చీలో కూర్చున్నవాడు "గడ్డం నిండుకుందా?" అని అడుగుతున్నాడు.

ఆవిడ రోజంతా పెరట్లో రాళ్లు కడుగుతూ కూర్చుంది. నాకు అడగాలని నాలుక దురద. నిజంగా జారిందా? లేక...?

అడగను. అడిగితే చెప్పేస్తుంది. ఎవరు అడిగినా చెప్పేస్తుంది. నా భయమల్లా అదే. పొరపాటని ఒప్పుకుంటే దిద్దుకోమంటారు. కావాలని అన్నానంటే ఉత్తర్వు ధిక్కారం, ఇన్నేళ్ల పేరు బూడిద.

జారింది, అంతే. ఇంకోసారి రాస్తే నేనూ నమ్ముతాను. జారింది.

మే 31

కమిషనర్ వచ్చాడు. సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే. ఒక్కడే వచ్చాడు, కారు వీధి చివర ఆపుకుని. ఈ రాత్రితో గడువు సరి.

కూర్చున్నాడు. అత్తగారు ఎదురు కుర్చీలో, ఎవరో సంబంధం మాట్లాడటానికి వచ్చినట్టు చూస్తూ.

"మేడమ్, నేను గొడవకు రాలేదు. ఒక్క మాట. నోటితో అనండి చాలు, కాగితం కూడా వద్దు."

"నోటితోనే అన్నాను కదండీ."

"ఆ మాట కాదు మేడమ్..."

"కాఫీ తాగుతావా నాయనా?" అంది అత్తగారు. వంటింట్లోకి తొంగిచూసి, "కాఫీపొడి నిండుకుందర్రా," అంది.

కమిషనర్ ఉలిక్కిపడ్డాడు. నిజంగా, కుర్చీలో ఎగిరిపడ్డాడు. "అంటే... ఉందాండీ, లేదా?"

"లేదు నాయనా."

"అంటే అయిపోయినట్టేగా!"

"అయిపోతే ఊరుకుంటాం. నిండుకుంటే తెచ్చుకుంటాం. అల్లుడుగారూ, మీరింకా ఇక్కడే ఉన్నారే?"

ఏం చేయను? సరిగ్గా ఆ సమయానికే పరుగెత్తాల్సి వచ్చింది. ఈ వయసులో నేను అలా పరుగెత్తడం ఈ వీధి ఎప్పుడూ చూడలేదు. మంగలి గుమ్మంలోకి వచ్చి "ఏమైంది బాబాయ్?" అంటే "కాఫీపొడి!" అని అరిచాను. అతను దాన్ని సంకేతమనుకుని పక్క దుకాణానికి చెప్పాడట. నేను పొట్లంతో తిరిగొచ్చేసరికి మా గుమ్మం ముందు సగం వీధి.

రొప్పుతూ లోపలికి అడుగుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన అడిగాడు, నేను రెండు రోజులుగా మింగుతున్న ప్రశ్న.

"మేడమ్. మీరు అబద్ధం చెప్పరని అందరూ అంటారు. అందుకే అడుగుతున్నాను. అది పొరపాటా? కావాలనే అన్నారా?"

పొట్లం నా చేతిలో నలిగిపోయింది. అబద్ధమాడవే, ఒక్కసారి, నా మీద ఒట్టు, అని మనసులో వేడుకున్నాను.

"నోరు జారింది," అంది.

కమిషనర్ ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. అయితే ఇప్పుడు సరిగ్గా..."

"ఆగండి, సగమే చెప్పాను. జారింది నిజమే. మనిషన్నాక జారతాం. కామా అందించాడు, అదే, రిజిస్ట్రార్ గారు అందించారు. అప్పుడు దిద్దుకోవచ్చు. దిద్దుకోకుండా వచ్చేసింది మాత్రం నేనే. పడటం పొరపాటు. లేవకపోవడం నా ఇష్టం. రెండూ రాసుకోండి."

(కామా అంది! నేను పెట్టిన పేరు! ఇన్నేళ్లూ విననట్టే ఉంది మహాతల్లి.)

"అది రాస్తే ఏమవుతుందో తెలుసు కదా మేడమ్," అన్నాడాయన మెల్లగా. "ఉత్తర్వు ధిక్కరించినందుకు తొలగించబడ్డారని ఉంటుంది. వీడ్కోలు సభ ఉండదు. ఆ హాల్లో ఇత్తడి పలక మీద అందరు ఉపకులపతుల పేర్లూ ఉన్నాయి. మీది చెక్కనివ్వరు."

ఆవిడ పెరట్లోకి, రాళ్లకేసి చూసింది. ఆ పలక ఆవిడకు ఇష్టం. నాకు తెలుసు. కుర్చీలో చేరిన రోజున ఎవరూ చూడకుండా ఆ పలక మీద ఆఖరి పేరు కింద చోటు చేత్తో తడిమింది. అప్పుడు నేను తలుపు పక్కన ఉన్నాను.

"పద్ధతి ప్రకారమే కదా," అంది. "చెక్కకండి."

"రాత్రిలోపు మనసు మార్చుకుంటే..."

"మీరు కాఫీ తాగి వెళ్లండి. చాలా నలిగిపోయారు."

తాగాడు. గ్లాసు కింద పెట్టి, లేచి, కోటు సర్దుకున్నాడు. (భుజం దగ్గర రెండు కుట్లు విప్పి వేస్తే చాలు, చెప్పాను కూడా. దుకాణానికి రమ్మన్నాను.) గుమ్మం దాటుతూ, "వెళ్లొస్తానండీ," అన్నాడు.

"మంచిది నాయనా, వెళ్లిరా," అంది అత్తగారు.

అతను మెట్టు మీద ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడే విన్నట్టు. వెనక్కి తిరిగి మా ఆవిడకేసి చూశాడు. ఏదో అనబోయి, తల అడ్డంగా ఊపి, నవ్వుకుంటూ గుంపులోంచి వెళ్లిపోయాడు.

జూన్ 1

గేటు తెరిచే ఉంది! కొత్త ప్రవేశాల కోసం వరుస నా దుకాణం దాటింది. ఆవిడ ఇప్పుడు ఉపకులపతి కాదు. వరుసలో నిలబడ్డవాళ్లకు మంచినీళ్లు ఇస్తోంది.

మే 27

కొలతల పుస్తకం పేజీలు అతుక్కుపోయి దొరికింది. దాదాపు ఏడాది. ఈ పుస్తకాన్ని మళ్లీ తెరిచే కారణం ఈ రోజే వచ్చింది.

పైన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టలేదు. వీధి వీధంతా తరగతులున్న ఊళ్లో దేన్ని మూయాలో వాళ్లకు తేలలేదని కామా అంటాడు. సైన్సు భవనానికి కొత్త పైకప్పు పడింది. అయినా రసాయనశాస్త్రం ఆ రొట్టెల గది వదలనంటోంది, వాసన కోసమట.

ఈ రోజు స్నాతకోత్సవం. కొత్త ఉపకులపతి అర్థశాస్త్రం ఆవిడ, మా ఆవిడకంటే బాగా చిన్నది. మేం ముగ్గురం మూడో వరుసలో. పట్టాలన్నీ ఇచ్చాక ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. కామా ఈసారి లేవలేదు, కూర్చుని నవ్వుతున్నాడు. నాకు అప్పుడే అర్థం కావలసింది.

"ఈ స్నాతకోత్సవం ఇంతటితో నిండుకున్నట్లు ప్రకటిస్తున్నాను," అని చదివింది ఆమె. చదివింది! కాగితం మీద ఉందన్నమాట. పద్ధతిలోకి వచ్చేసిందన్నమాట. హాలంతా లేచింది, నా టోపీలన్నీ మళ్లీ గాల్లోకి.

మా ఆవిడ లేవలేదు. ముఖం ఎప్పట్లాగే రాయి. రాయికి చెమ్మ పట్టింది, అంతే.

"ఏమోయ్," అన్నాను చెవిలో. "ఇప్పుడు నువ్వు ఉపకులపతివి కావు. మరి నేను దేనికి పతిని?"

నవ్వింది. ఫక్కున, అందరూ తిరిగి చూసేంతగా. ఇన్నేళ్లకు! ఆ మాటలో అంత హాస్యం ఎక్కడుందో నాకే తెలియలేదు.

బయటికి వస్తుంటే అత్తగారు ఇత్తడి పలక ముందు ఆగింది. చూపు ఆనదు, వేళ్లతో తడుముతోంది. పేరు, దానికింద పేరు, దానికింద పేరు. ఆ కింద నున్నటి ఇత్తడి. దానికింద ఇంకా చోటు వదిలి, ఈసారి ముందుగానే చెక్కిన కొత్త ఆవిడ పేరు. ఆ నున్నటి చోట వేళ్లు ఆగాయి.

"ఇక్కడేం తగలడం లేదు అల్లుడుగారూ. ఇక్కడేమీ లేదా?"

మా ఆవిడ నాకేసి చూసింది. నేను అత్తగారి చేయి పట్టుకుని, చెవి దగ్గరగా వంగి, గట్టిగా చెప్పాను.

"నిండుకుంది అత్తయ్యా."

"అదీ," అంది అత్తగారు.